తద్ధర్మ క్రియయు, ఇంగ్లీషు చదువును

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు ఆదేశించిరి. చరిత్ర యనగానే కోటలు, రాజులు, దండయాత్రలు స్ఫురించుట సహజము. ఎలగందుల కోటను గురించియు, ధర్మపురి క్షేత్రమును గురించియు వ్రాయుటకు నాకంటె తెలిసినవారు కలరు. నేను ఒక క్రియారూపము యొక్క చరిత్రను ఎన్నుకొంటిని. చూచుటకు అది మిక్కిలి చిన్నది. కాని మన పిల్లల చదువునకు అదియే ఇప్పుడు గడప.

2022–23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఒక పుట తెలుగును, ఎదుటి పుట ఇంగ్లీషును గల పాఠ్యపుస్తకములు అచ్చువేయబడినవి. అందలి విజ్ఞానశాస్త్ర పాఠములను తెరచి చూడుడు. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. భూమి సూర్యుని చుట్టు తిరుగును. మొక్క సూర్యరశ్మితో తన ఆహారమును తయారు చేసికొనును. ఇట్టి మాటలన్నియు ఇంగ్లీషులో ఒకే క్రియారూపమున నుండును. దానిని 'సింపుల్ ప్రెజెంట్' అందురు. వెనుకటి పుస్తకములలో దాని పేరు 'ప్రెజెంట్ ఇండెఫినిట్'. వ్యాకరణ పాఠమున దానిని తెలుగులో 'సామాన్య వర్తమానకాలము' అని చెప్పుదురు.

చిక్కంతయు ఈ పేరులోనే యున్నది. వర్తమానమనగా ఇప్పుడు జరుగుచున్నదని పిల్లవాడు తలచును. తరువాత వానిచేత 'ఐ గో టు స్కూల్' అని వల్లెవేయింతురు. ఆ మాట పలుకుచున్న పిల్లవాడు అప్పటికే బడిలో చాపమీద కూర్చుండియున్నాడు. బడికి పోవుట ఎక్కడిది? తెలివిగల పిల్లవాడైనచో ఇది అబద్ధమని అనుకొనును. తెలివి తక్కువవాడు అర్థము విడిచి కంఠస్థము చేయును. ఇద్దరును పెద్దవారైన తరువాత 'ఐ యామ్ గోయింగ్ టు ఆఫీస్ డైలీ' అందురు. తప్పు పిల్లలది కాదు. వేరొక పేరు మనకు సిద్ధముగ నుండగా దానిని అటకమీద పెట్టి, పొరుగు పేరు తగిలించినందున వచ్చిన తిప్పలు ఇవి.

ఆ సిద్ధముగనున్న పేరు 'తద్ధర్మము'. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున తెలుగు క్రియకు భూత, భవిష్యత్, వర్తమానములు మూడే కాక తద్ధర్మార్థమను నాలుగవదానిని కూడ చెప్పెను. చేసెను అనునది భూతము. చేయగలడు అనునది భవిష్యత్తు. చేయుచున్నాడు అనునది వర్తమానము. చేయును అనునది తద్ధర్మము. (చేయగలడు అను రూపమునకు నేడు శక్తి కలదను అర్థమే మిగిలి, భవిష్యదర్థము వాడుకలో సన్నగిల్లినది.) తద్ధర్మమనగా అది వాని ధర్మము, వాని స్వభావము, వాని అలవాటు అని భావము. సూర్యుడు తూర్పున ఉదయించును. ఆవు గడ్డి తినును. ఈ క్షణమున ఆవు నిద్రించుచున్నను ఈ మాట సత్యమే.

ఈ రూపము గ్రంథములతోనే పోయినదని కొందరు అందురు. అట్లనుట సరికాదు. మన మండల కేంద్రమునకు పోయి అంగళ్ల మీది బోర్డులు చూడుడు. ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును. ఇచ్చట పాలు అమ్మబడును. కోళ్ల దాణా లభించును. ఇవన్నియు తద్ధర్మ రూపములే. అంగడి తలుపు మూసియున్నను బోర్డు అబద్ధమాడదు. ఏలన అది జరుగుచున్న పనిని చెప్పుటలేదు, ఆ అంగడి ధర్మమును చెప్పుచున్నది. మన గ్రంథాలయ ద్వారమున వ్రాసియున్న వేళలును అట్టివే. తెరువబడును అని యున్నదే కాని తెరువబడుచున్నది అని లేదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు కూడ ఈ బోర్డులను చదువుకొనుచు నడచును. కావున 'సింపుల్ ప్రెజెంట్' అనగా బోర్డు భాష అని చెప్పిన చాలును. వానికి సగము పాఠము వచ్చినట్లే.

ఈ పేరు చిన్నయసూరి కల్పించినది కాదు. పాణిని తన అష్టాధ్యాయి మూడవ అధ్యాయమున తచ్ఛీలము, తద్ధర్మము, తత్సాధుకారిత్వము అను మూడింటిని ఒకచోట చేర్చి చెప్పెను. ఒక పని వానికి స్వభావమైనను, కులాచారము వంటి ధర్మమైనను, దానిని చక్కగా చేయు నేర్పైనను, ఆ కర్తను తెలుపుటకు కొన్ని ప్రత్యయములు వచ్చునని అందలి భావము. అది కర్తృవాచక పదములకు చెప్పిన మాట. మనవారు దానిని క్రియకు తెచ్చుకొనిరి. అరువు తెచ్చుకొన్నను మంచి మాటయే తెచ్చుకొనిరి.

సంస్కృతమున ఈ అర్థమునకు వేరు లకారము లేదు. వర్తమానమునకు వాడు లట్టుతోనే గడుపుకొనవలెను. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దివాడైన పతంజలికి ఇది శంక కలిగించెను. మహాభాష్యమున ఆయన ఆ శంకను ఎత్తి చర్చించిన తీరు నేటి ఇంగ్లీషు ఉపాధ్యాయులు చదువదగినది. ఎల్లప్పుడు నిలిచియుండు పర్వతములకును, ఎల్లప్పుడు పారు నదులకును ఇప్పుడు, అప్పుడు అను విభాగమే లేదు గదా, అట్టిచోట వర్తమానమెట్లు పొసగును? ఒకచోట నివసించి చదువుకొనువాడు, పుష్యమిత్రునిచేత యజ్ఞము చేయించువాడు నడుమ భోజనమునకు లేచినను ఆ పని ఆగినట్లు కాదు గదా, మరి దాని నేమనవలెను? మొదలుపెట్టిన పని ముగియనంతవరకు నడుమ విరామములున్నను అది సాగుచున్నట్లే యని తాత్పర్యము. మన వ్యవహారమున 'ఇరువదేండ్ల నుండి ఇక్కడనే ఉంటున్న' అనునది ఇట్టి ప్రయోగమే.

ఇక దొరలు మన భాషను నేర్చినప్పుడు ఏమి చేసిరో చూతము. విలియం కేరీ 1814లో శ్రీరాంపురమున తెలుగు వ్యాకరణము నొకటి ఇంగ్లీషులో ముద్రించెను. 1816లో ఎ. డి. క్యాంబెల్ మద్రాసున మరియొకటి ప్రకటించెను. 1840లో సి. పి. బ్రౌన్ వ్యాకరణము వెలువడినది. మన పిల్లలు నేడు పడుచున్న తిప్పలనే వీరు అటునుండి పడిరి. చేయును అను రూపమునకు తమ భాషలో ఏది సరియగును? ఒకప్పుడు అలవాటుగ తోచును, ఒకప్పుడు భవిష్యత్తుగ తోచును. బ్రౌను దీనికి గ్రీకు వ్యాకరణము నుండి 'ఎయోరిస్టు' అను పేరు తెచ్చి పెట్టెను. ఆ మాటకు మేర లేనిది, హద్దు తెలియనిది అని అర్థము. ఇంగ్లీషువారి పాత పేరు 'ఇండెఫినిట్' అనుదానికిని అదే అర్థము. గ్రీకు పేరు, ఇంగ్లీషు పేరు, మన తద్ధర్మము ఈ మూడును కాలపు హద్దులు విడిచిన క్రియ యను ఒక్క తలంపు చుట్టునే తిరుగుచున్నవి. ఇన్ని దారులు కలిసినచోట 'వర్తమానము' అను పలక ఒక్కటి నాటి పిల్లలను వేరు దారి పట్టించుట విచారకరము.

ఇంగ్లీషులో సైతము ఈ రూపము ఆదినుండి ఇట్లే లేదు. షేక్స్పియరు నాటికి ఒక్క 'సింపుల్ ప్రెజెంట్' తోడనే జరుగుచున్న పనిని కూడ చెప్పుచుండిరి. '-ఇంగ్' తో కూడిన రూపము విరివిగా వ్యాపించినది ఆ తరువాత శతాబ్దములలో. అది బలపడిన కొలది, పాత రూపమునకు అలవాటు, స్వభావము, నియమము అను అర్థములు ప్రధానముగ మిగిలినవి. ప్రథమ పురుష ఏకవచనమున వచ్చు 'స' కారపు కథ మరింత వింతగ నుండును. 1611 నాటి బైబిలు అనువాదమున 'గోస్' అని కాక 'గోయెత్' అని యుండును. 'స' అనునది ఇంగ్లండు ఉత్తర మండలముల మాట. దక్షిణమువారు మొదట దానిని మోటుగ తలచినను, కడకు అదియే గెలిచి గ్రంథస్థమైనది. ఉత్తర తెలంగాణమువారమగు మనకు ఇది వినసొంపైన సంగతి.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. పరభాషలను నేర్చుట మనకు కొత్త కాదు. గంగాధర సమీపమున కుర్క్యాల బొమ్మలమ్మగుట్ట మీద పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు మూడింటను కలదు. అందలి తెలుగు కందపద్యములు మనకు లభించిన ప్రాచీన కందములలో చేరినవి. జినవల్లభుని అన్న పంపకవి వేములవాడ చాళుక్యుల ఆస్థానమున నుండి కన్నడమున మహాకావ్యము వ్రాసెను. ఒకే యింటివారు, ఒకే గుట్ట, మూడు భాషలు.

నిజాము రాజ్యమున 1880ల దశకమున రాజభాషగ పారసీకము పోయి ఉర్దూ వచ్చినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే. ఇంగ్లీషు నిర్బంధ విషయము. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పిల్లలు ఇంటిలో తెలుగో, గోండీయో, మరాఠీయో మాటలాడి, బడిలో ఉర్దూ చదివి, ఆ ఉర్దూ ద్వారమున ఇంగ్లీషు నేర్వవలసి యుండెను. తెలుగు చదువుటకు అవకాశము అరుదు. ఆ కొరత తీర్చుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును పెద్దలు స్థాపించిరి. మనది ఆ వంశపు చిన్న కొమ్మ. వేములవాడ దాపున హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమముననే పాఠశాల చదువు సాగించి, తెలుగును తమ పట్టుదలతో సాధించి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వరకు ఎదిగిరి.

మాతృభాషకు చోటు లేని ఆ విధానము అన్యాయమైనదే. దానిని సమర్థించుట నా ఉద్దేశము కాదు. ఐనను మన క్రియారూపము విషయమున ఆ కాలపు విద్యార్థికి ఒక సౌకర్యము కలిగిన మాట ఒప్పుకొనవలెను. ఉర్దూలో 'జాతా హై' అనగా పోవు అలవాటు కలవాడు. 'జా రహా హై' అనగా ఇప్పుడు పోవుచున్నాడు. 'జాయేగా' అనగా రేపు పోవును. మూడు అర్థములకు మూడు వేరు రూపములు. 'హి గోస్' ఎదుట 'జాతా హై' అని వ్రాసికొన్న విద్యార్థికి సందేహమునకు తావు లేదు. మన వాడుక తెలుగులోనో, 'రోజు పోతడు' అన్నను పోతడే, 'రేపు పోతడు' అన్నను పోతడే. అలవాటును, భవిష్యత్తును ఒకే రూపమున ఇముడ్చుట మన భాషకే పరిమితము కాదు. అరబ్బీ వ్యాకరణమున 'ముజారి' యను రూపము వర్తమానమునకును భవిష్యత్తునకును చెల్లును. (ఉర్దూ వ్యాకరణమున భూతకాలమునకు 'మాజీ' అని పేరు. మాజీ సర్పంచులను, మాజీ మంత్రులను పిలుచునప్పుడు మనము తెలియకయే వ్యాకరణము చెప్పుచున్నాము.)

1948 తరువాత ఉర్దూ మాధ్యమము తగ్గినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట తెలుగు మాధ్యమము ఊరూర నాటుకొన్నది. అది జరుగవలసిన మేలు. అయితే ఆ పాత వంతెన పోయినచోట క్రొత్త వంతెన ఎవరును కట్టలేదు. రెన్, మార్టిన్ అను ఇద్దరు దొరలు 1930ల దశకమున వ్రాసిన వ్యాకరణము తరతరముల విద్యార్థుల చేతులలో నలిగినది. అందు నియమములు పుష్కలముగ నున్నవి. కాని అది మొదట ఇంగ్లీషే ఇంటిభాషగా గల పిల్లలను ఉద్దేశించి వ్రాయబడిన గ్రంథము. 'పోతడు' అని మాటలాడు పిల్లవానికి ఏది అడ్డు తగులునో ఆ గ్రంథకర్తలకు ఎట్లు తెలియును?

ఇంటిభాష నుండి మొదలుపెట్టి పైభాషకు పోవు పద్ధతిని మన ఆదిలాబాదు అడవులలోనే ఒకప్పుడు ప్రయోగించి చూచిరి. 1940లో జోడేఘాటున కొమురం భీము నేలకొరిగిన తరువాత గిరిజనుల స్థితిగతులను పరిశీలించుటకు వచ్చిన హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. గోండీ వాచకములను నాగరిలిపిలో సిద్ధపరచి, పిల్లలకు మొదట తమ భాషలోనే అక్షరములు నేర్పిరి. ఆ ప్రాంతమున పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ అను అధికారి గోండీ, కోలామీ భాషలకు వ్యాకరణములే వ్రాసెను. ప్రజల క్రియలను తాను నేర్చిన పిదప వారికి తన క్రియలను నేర్పవచ్చునని ఆయనకు తోచియుండును.

క్రియారూపమునకు ఇంత రభస ఏల అని అడుగువారికి ఒక సంగతి చెప్పెదను. ఇది లెక్కలు వ్రాయువారికి అందరికంటె ఎక్కువగ తెలియును. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. అందు 'స్వయముగ సాగుచేయుట' అను మాటకు ప్రత్యేకముగ అర్థము చెప్పిరి. తన కష్టముతోనైనను, తన కుటుంబీకుల కష్టముతోనైనను, తన పర్యవేక్షణమున జీతగాండ్రచేత నైనను సాగుచేసికొనుట యని దాని సారాంశము. పంటలో పాలు ఇచ్చి చేయించినచో అది స్వయముగ సాగు కాదు. దున్నువాడెవడు, దున్నించువాడెవడు అని తేల్చుటకు అధికారి చేనిగట్టుకు వచ్చిన వేళ నాగలి ఎవరి చేతనున్నదను ప్రశ్న కాదు ముఖ్యము. ఏటేట ఎవరు సాగుచేయుదురు అనునదే ముఖ్యము. అనగా చట్టమునకు కావలసినది చేయుచున్నాడు అను క్రియ కాదు, చేయును అను క్రియ. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూవివాదములలో మొట్టమొదట వెదుకు కాగితము. అందు పట్టాదారు పేరు ఒక గడిలో, కబ్జాలో నున్నవాని పేరు మరియొక గడిలో వ్రాయబడినది. ఆ రెండవ గడిలో ఒక మాట పడుటయు, పడకపోవుటయు కొన్ని కుటుంబముల రాతను మార్చినది. ఆ కాలమున ఇంగ్లీషు చట్టమును ఉర్దూలో విని, తెలుగులో అర్థము చేసికొని సంతకము పెట్టవలసిన రైతు ఎన్ని క్రియల నడుమ నలిగెనో ఊహింపవచ్చును. కోర్టు కాగితములలో ఇంగ్లీషు నేటికిని తరుగలేదు. కౌలు పత్రముగాని, బ్యాంకు ఋణపత్రముగాని చేతికి వచ్చినప్పుడు, అందున్నది ఇప్పటి సంగతియా, ఎల్లప్పటి నియమమా అని తెలిసికొనలేనివాడు చదివియు చదువనివాడే.

బోధించువారికి పనికివచ్చు రెండు మూడు మాటలు చెప్పి విరమింతును. మన క్రియకు ప్రతి పురుషమునను వేరు ప్రత్యయము కలదు. పోవుదును, పోవుదువు, పోవుదురు, పోవును. ఇంగ్లీషు క్రియ అట్టి ప్రత్యయములనన్నిటిని పోగొట్టుకొని ఒక్క 'స' కారమును మాత్రము దాచుకొన్నది. కావున దానిని వింతగ చూపక, కాలిపోయిన యింట మిగిలిన గడపగా చూపవలెను. 'డజ్' వచ్చినప్పుడు ఆ 'స' కారము దానిలోనికి పోవును. 'డజ్ నాట్ గోస్' అనుట ఒకే పైకమును రెండు పద్దులలో ఖర్చు వ్రాసినట్లు. ఈ ఉపమానము మన సంఘపు పద్దులు చూచిన పెద్దలకే కాదు, దుకాణమునకు చీటీ పట్టుకొనిపోవు పిల్లలకును తెలియును.

అంతకంటె మంచి ఆధారము మన వ్యతిరేక క్రియలో నున్నది. దీనిని పండితులు గమనించినంతగా బడిపంతుళ్లు గమనించినట్లు లేదు. పోతడు అను రూపమున అలవాటు, రేపటి సంగతి కలిసిపోయినను, ఇప్పటి సంగతి దానిలో కలియదు. వ్యతిరేకమున ఆ భేదము మరింత స్పష్టము. 'వాడు మాంసము తినడు' అన్న అది వాని నియమము; 'వాడు తింటలేడు' అన్న ఇప్పుడు విస్తరిముందు కూర్చుండి ముద్ద ఎత్తుటలేదని అర్థము. మొదటిదానికి 'డజ్ నాట్ ఈట్', రెండవదానికి 'ఈజ్ నాట్ ఈటింగ్'. తినడు, తింటలేడు, పోను, పోతలేను, చదువదు, చదువుతలేదు. పాఠ్యపుస్తకములలో కనబడని ఈ 'తలేడు', 'తలేను' రూపములు మన కరీంనగరపు, ఆదిలాబాదుపు ఇండ్లలో నిత్యము వినబడుచుండును. మూడవ తరగతి పిల్లవానిని 'మీ తాత చుట్ట తాగడా, తాగుతలేడా' అని అడిగిన వాడు ఏ వ్యాకరణమును చదువకయే సరియైన జవాబు చెప్పును. ఆ జవాబు ప్రక్కన ఇంగ్లీషు వాక్యము వ్రాసి చూపుటయే పంతులుగారికి మిగిలిన పని.